కంటైనర్ ఇల్లు పెట్టే ముందు నీటినీ గాలినీ లెక్క వేయండి

సంపాదకులకు నమస్కారం.

పాత ఓడ కంటైనర్లను ఇళ్లుగా మార్చుకోవచ్చన్న మాట కోనసీమ లంకల్లోనూ, భీమవరం, ఉండి, ఆకివీడు చెరువు గట్ల మీదా ఈ మధ్య గట్టిగా వినబడుతోంది. రొయ్యల చెరువుల కాపలా గదులుగా ఇప్పటికే కొన్ని దిగాయి. వరదకు గోడలు కూలినవాళ్లకు రెండు మూడు వారాల్లో నీడ దొరుకుతుందంటే ఆశ పుట్టడం సహజం. ఫ్యాబ్రికేషన్, సివిల్ పనుల్లో ఉన్న మాకు ఆ ఆలోచన మీద వ్యతిరేకత లేదు. అయితే అమ్మేవాళ్లు చూపించే ఫొటోలు ఎక్కువగా చలి దేశాలవి. అదే డబ్బాను తెచ్చి ఏటిగట్టు పక్కన నాలుగు సిమెంటు దిమ్మల మీద పెట్టి ఇల్లు అనుకుంటే ప్రాణానికే ప్రమాదం. ఆ సంగతి డబ్బు కట్టకముందే జనానికి తెలియాలని ఈ ఉత్తరం.

మొదట అమ్మేవాళ్లెవరూ చెప్పని విషయం. కంటైనర్ తేలుతుంది. 20 అడుగుల ఖాళీ కంటైనర్ బరువు సుమారు 2.3 టన్నులు. పొడవు 6.06 మీటర్లు, వెడల్పు 2.44 మీటర్లు, అంటే నేల మీద ఆక్రమించేది 14.8 చదరపు మీటర్లు. అడుగు చెక్క మట్టాన్ని దాటి నీరు 16 సెంటీమీటర్లు పెరిగితే చాలు, లోపలికి నీరు చేరకపోతే డబ్బా లేస్తుంది. లోపల ఫోము, బోర్డులు, మంచం, బీరువా, మనుషులు కలిపి 4 టన్నులైనా 27 సెంటీమీటర్లకు, అంటే అడుగు లోపు నీటికే తేలిక పడుతుంది. పాత డబ్బా తలుపు రబ్బరు కారుతుంది కాబట్టి నీరు మెల్లగా వస్తే అది నిండి కూర్చుంటుంది. కానీ ఇల్లుగా మార్చేటప్పుడు కన్నాలన్నీ మూసేస్తాం, కిటికీల చుట్టూ సీలెంట్ కొడతాం. ఎంత బాగా మూస్తే అంత బాగా తేలుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు, 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చిన గోదావరి మనది. ఆ ప్రవాహంలో తాడు తెగిన డబ్బా పక్కింటి గోడను కొడితే ఏమవుతుందో లంకవాళ్లకు చెప్పక్కర్లేదు.

రెండోది గాలి. కట్టడాల మీద పడే బలాలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం మన తీరంలో డిజైన్‌కు తీసుకోవాల్సిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. 20 అడుగుల డబ్బా పొడుగు గోడ 15.7 చదరపు మీటర్లు. అంటే అడ్డంగా నెట్టే బలం దాదాపు రెండున్నర టన్నులు. ఖాళీ డబ్బా తన బరువు వల్ల వచ్చే రాపిడితో ఆపగలిగింది ఒక టన్నుకు మించదు. ఓడ మీద ఒకదాని మీద ఒకటి పేర్చినా కదలవు కదా అని అడిగేవారున్నారు. అక్కడ మూలమూలకూ తిప్పితే బిగుసుకునే ట్విస్ట్‌లాకులు, ఇనప కడ్డీలతో బిగిస్తారు. 1996 నవంబరు 6 రాత్రి కాట్రేనికోన, ఐ.పోలవరం, భైరవపాలెం వైపు వచ్చిన తుపాను చూసినవాళ్లు ఈ లెక్కను తేలిగ్గా తీసుకోరు.

కాబట్టి డబ్బా కంటే ముందు దాన్ని పట్టుకునే పునాది గురించి ఆలోచించాలి. కంటైనర్ బరువంతా నాలుగు మూలల్లో ఉండే కన్నాల పోత ఉక్కు దిమ్మల, అంటే కార్నర్ కాస్టింగుల ద్వారానే దిగుతుంది. అందుకే నాలుగు మూలల కిందా స్తంభాలు ఉండాలి. మధ్యలో ఇటుకలు పేర్చడం దండగ. నేల ఒక్కో చోట ఒక్కో రకం. ఉండి, ఆకివీడు వైపు నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. పైపైన పెట్టిన దిమ్మ ఒక మూల లేచి ఇంకో మూల కుంగుతుంది. అక్కడ 300 మిల్లీమీటర్ల వ్యాసంతో మూడున్నర మీటర్ల లోతు దింపి, అడుగున 750 మిల్లీమీటర్ల బల్బు తీసిన అండర్‌రీమ్డ్ పైల్ మూలకొకటి వేయించాలి. నేల ఉబ్బినా పైల్ కదలదు, పైకి లాగే బలానికి ఆ బల్బే లంగరు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసుక నేలల్లో ఇది కుదరదు. నీళ్లు పైకే ఉంటాయి, బోరు గోడలు కూలిపోతాయి. అక్కడ 1.2 మీటర్ల చదరంతో, 30 సెంటీమీటర్ల మందంతో, కనీసం 1.2 మీటర్ల లోతున ఫుటింగులు వేసి, వాటిని నేల మట్టాన ప్లింత్ బీముతో కలిపి, పైన మట్టి గట్టిగా దిమ్మిస చేయాలి. ఒక హెచ్చరిక. వరదలో మునిగిన మట్టి, కాంక్రీటు బరువు లెక్కలో బాగా తగ్గిపోతుంది. చాలామంది పొడి బరువుతో లెక్క వేసి సరిపోయిందనుకుంటారు. నాలుగు టన్నుల ఇంటికి నేల చెక్క మీద రెండడుగుల నీరు నిలిస్తే పైకి లేపే బలం 4.9 టన్నులు, మూలకు టన్నుంబావు. పైన చెప్పిన ఫుటింగు నీట మునిగి కూడా దీన్ని పట్టుకుంటుంది. చిన్న దిమ్మ పట్టుకోదు.

స్తంభం తలలో కాంక్రీటు పోసేటప్పుడే 300 మిల్లీమీటర్ల చదరం, 16 మిల్లీమీటర్ల మందం ఉన్న బేస్ ప్లేటును నాలుగు 20 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులతో కూర్చోబెట్టాలి. దాని మీద ట్విస్ట్‌లాకు పెడితే రేపు డబ్బాను వేరేచోటికి మార్చుకోవచ్చు. వెల్డింగే చేస్తామంటే మామూలు రాడ్లు వద్దు. కార్నర్ కాస్టింగ్ మందమైన పోత ఉక్కు, తడి పట్టిన రాడ్డుతో అతికితే పగులు లోపలే దాక్కుంటుంది. 7018 రాడ్లను ఓవెన్‌లో ఆరబెట్టి వాడాలి. నాలుగు ప్లేట్ల మట్టం 5 మిల్లీమీటర్ల లోపు తేడాతో ఉండాలి. ఒక మూల కిందికుంటే డబ్బా మెలి తిరిగి, కార్గో తలుపు మూతపడదు. తలుపు బిగుసుకుపోయిందంటే దాన్ని సమ్మెటతో కొట్టకుండా ముందు లెవెల్ ట్యూబు పట్టుకుని మూలలు చూడండి.

ఎంత ఎత్తులో పెట్టాలి? ఊళ్లో పాత గోడల మీద, గుడి మెట్ల మీద వరద గుర్తులు పెద్దవాళ్లకు తెలుసు. ఆ గుర్తుకు రెండడుగులు పైన నేల చెక్క ఉండాలి. స్తంభాలు నాలుగడుగులు దాటితే వాటి మధ్య అడ్డబీములు తప్పవు. నేలలో రెండు చోట్ల ఆరంగుళాల కన్నాలు పెట్టి రబ్బరు మూతలు బిగించుకోవడం మంచిది. నీరు గడప ఎక్కేలా ఉంటే మూతలు తీసి లోపలికి రానివ్వాలి. ఇల్లు తడుస్తుంది కానీ చోటు వదలదు.

ఇక ఎండ. రోజూ అనుభవించే కష్టం ఇదే. గోడ రేకు మందం 1.6 మిల్లీమీటర్లు, కప్పు రేకు 2 మిల్లీమీటర్లు. వేడిని ఆపడంలో వీటి పాత్ర శూన్యం. మే నెల ఎండకు ముదురు రంగు రేకు 60 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడి రాత్రి భోజనాల వేళ దాకా లోపల కుమ్ముతూనే ఉంటుంది. ఏసీ పెడితే సరిపోతుందని అనుకుంటారు. తొడుగు లేని ఇనప డబ్బాలో ఏసీ ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు వచ్చాక దాన్ని ఆపేస్తారు.

ముందు ఖర్చు లేని పని. డబ్బాను తూర్పు పడమరలుగా పొడవు వచ్చేలా పెట్టండి. పొడుగు గోడలు ఉత్తరం, దక్షిణం చూస్తాయి. సాయంత్రపు ఎండ ఎనిమిదడుగుల చిన్న గోడ మీదే పడుతుంది, దక్షిణపు కిటికీలోంచి వచ్చిన పైరగాలి ఉత్తరపు కిటికీలోంచి బయటికి పోతుంది. కిటికీలు ఎదురెదురుగా లేకపోతే ఎంత పెద్దవి పెట్టినా గాలి ఆడదు.

తర్వాత పైన రెండో కప్పు. డబ్బా కప్పుకు ఒకటిన్నర, రెండడుగుల ఖాళీ వదిలి, పక్కలకు రెండున్నర అడుగుల చూరు దించి తెల్ల రేకు వేస్తే నేరుగా పడే ఎండ ఆగుతుంది, మధ్యలో గాలి వేడిని లాగేస్తుంది. మనం ఈ ఇంటి మీద పెట్టే ఖర్చుల్లో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. కానీ ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. 23 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు రేకు కప్పు అంటే 28 చదరపు మీటర్లు. తుపాను గాలి దీన్ని పైకి ఎత్తే బలం నాలుగు టన్నులు దాటుతుంది. డబ్బా బరువు కంటే అదే ఎక్కువ. అందుకే ఈ కప్పు స్తంభాలను డబ్బా పైరేకుకు స్క్రూలతో తగిలించకూడదు. పై మూలల కార్నర్ కాస్టింగులకు ప్లేటు వేసి బోల్టులతో బిగించాలి. చూరు అంచుల్లో రేకు మడత మడతకూ స్క్రూ పడాలి. తాటాకు కప్పు చల్లగానే ఉంటుంది, కానీ కింద ఫోము ఉన్నచోట నిప్పుతో చెలగాటం వద్దు.

లోపలి తొడుగు సంగతి. నాలుగు గోడలు, కప్పు కలిపి సుమారు 53 చదరపు మీటర్లు, అంటే 570 చదరపు అడుగులు. చవకగా చేసేవాళ్లు థర్మాకోల్ పలక పెట్టి, పైన చెక్క పొడిని అదిమి చేసే ఎండీఎఫ్ బోర్డు కొడతారు. రేకు మడతలు 36 మిల్లీమీటర్ల లోతు ఉంటాయి. పలక వాటిలో కూర్చోదు, వెనక ఖాళీ మిగులుతుంది. పుష్యమాసపు రాత్రి బయట మంచు పడుతుంటే రేకు చల్లబడుతుంది. లోపల నలుగురి ఊపిరిలోని తేమ ఆ ఖాళీలోకి చేరి రేకు మీద నీటి బొట్లుగా మారుతుంది. ఎవరికీ కనబడదు. ఎండీఎఫ్ ఒక్క వానాకాలానికే అటుకుల్లా ఉబ్బుతుంది, రాతి పీచుతో చేసిన రాక్‌వూల్ అయితే తడిసి బరువెక్కి కిందికి జారుతుంది, రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. రేకుకు నేరుగా అంటుకునేలా 50 మిల్లీమీటర్ల పఫ్ (పాలియురేథేన్ ఫోము) స్ప్రే చేయించడమే దీనికి మందు. ఖాళీ లేనిచోట బొట్టు పడదు. దాని మీద 8 మిల్లీమీటర్ల సిమెంటు ఫైబర్ బోర్డు తప్పనిసరి, ఎందుకంటే పఫ్ కాలుతుంది, దాని పొగ మనిషిని మంట కంటే ముందే పడగొడుతుంది. వంట లోపల వద్దు. చూరు కింద వసారా దించి పొయ్యి అక్కడ పెట్టుకోండి. తొడుగు వేశాక లోపలి వెడల్పు 2.35 మీటర్ల నుంచి 2.23 మీటర్లకు, అంటే ఏడడుగుల నాలుగంగుళాలకు దిగుతుంది. అడ్డంగా మంచం వేస్తే నడవడానికి చోటుండదు. ఎత్తు విషయంలో కూడా ఫ్యాను పెట్టాలనుకుంటే ఎనిమిదడుగుల ఆరంగుళాల మామూలు డబ్బా కంటే తొమ్మిదడుగుల ఆరంగుళాల హైక్యూబ్ వెతకండి.

కోత దగ్గర జాగ్రత్త. గోడ రేకు ఉట్టి పరదా కాదు, అంచు దూలాలైన పై రైలునూ కింది రైలునూ కలిపి నిలబెట్టేది అదే. తలుపుకో కిటికీకో కోస్తే ఆ కన్నం చుట్టూ 50×50×3 బాక్స్ పైపు చట్రం పూర్తిగా వెల్డ్ చేయాలి. రెండు డబ్బాలు కలిపి హాలు చేస్తామని పొడుగు గోడ మొత్తం తీసేస్తే పై రైలు మధ్యలో కుంగుతుంది, ఆ తర్వాత కప్పు మీద వాన నీరు నిలుస్తుంది. అలా తీయాలంటే పై రైలు కింద దూలం, మధ్యలో స్తంభం ముందే పెట్టి, ఆ తర్వాతే కోయాలి. కోసే చోట పెయింటును రెండంగుళాల మేర గీకేయాలి. దానిలో జింకు ఉంటుంది, ఆ పొగ పీల్చిన వెల్డరుకు ఆ రాత్రే చలిజ్వరం వస్తుంది. పని ఆరుబయటే చేయాలి. కప్పు మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టేవాళ్లున్నారు. కప్పు రేకును పరీక్షించేది 60×30 సెంటీమీటర్ల చోట 300 కిలోలు పెట్టి మాత్రమే. ట్యాంకుకు వేరే స్టాండు కట్టుకోండి.

కార్గో తలుపుల గడియలు బయటి నుంచే పడతాయి. లోపల మనిషి ఉండగా ఎవరైనా గడియ వేస్తే తీసుకునే దారి లేదు. గడియ కడ్డీలు తీసేయించండి, లేదా తలుపు తెరిచి ఉంచి గోడకు అతికించండి. లోపలి నుంచి తెరుచుకునే మామూలు తలుపు ఒకటి, దానికి దూరంగా మనిషి దూరగల కిటికీ ఒకటి ఉండాల్సిందే. కాపలా గదుల్లో ఇది లేకుండా పడుకోబెట్టడం నేరంగానే చూడాలి.

తుప్పు గురించి ఒక అపోహ ఉంది. కంటైనర్ కోర్టెన్ ఉక్కుతో చేసింది కాబట్టి దానంతట అదే పొర కట్టుకుని ఆగిపోతుందంటారు. ఆ పొర గట్టిపడాలంటే ఉక్కు తడిసి ఆరుతూ ఉండాలి, ఉప్పు తగలకూడదు. తీరం దగ్గరా ఉప్పునీటి చెరువుల మధ్యా ఈ రెండూ జరగవు, తుప్పు లోపలికి తింటూనే పోతుంది. మొదట పోయేది కింది రైలు, అడుగు చానళ్లు, కార్నర్ కాస్టింగుల కన్నాలు, కోసిన అంచులు. రెడ్ ఆక్సైడ్ మీద ఎనామెల్ కొడితే ఇక్కడ నిలవదు. ముందు మంచినీటితో ఒత్తిడిగా కడగాలి. ఉప్పు మీద పెయింటు వేస్తే అది బుడగలు కట్టి ఊడుతుంది. సముద్రపు ఇసుకతో బ్లాస్టింగ్ చేయనివ్వకండి, ఉప్పును రేకులోకి కొట్టినట్టే. శుభ్రం చేసిన రోజే జింకు ఎపాక్సీ ప్రైమర్ 60–75 మైక్రాన్లు, తర్వాత ఎపాక్సీ మధ్య పూత 100–125 మైక్రాన్లు, పైన పాలియురేథేన్ 50 మైక్రాన్లు పడాలి. అడుగు భాగం డబ్బాను స్తంభాల మీదికి ఎత్తకముందే పూర్తి చేయాలి. అల్యూమినియం కిటికీ ఉక్కుకు తగిలే చోట రబ్బరు పట్టీ వేయకపోతే ఉప్పు తేమకు రెండింటి మధ్య కోత మొదలవుతుంది.

నేల మీది 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్డుకు పురుగు మందు పట్టించి ఉంటుంది. తలుపు మీది లోహపు పలకలో ఏ మందు, ఏ తేదీ అన్నది రాసి ఉంటుంది, చదివించుకోండి. ఆ చెక్క ఉంచితే సాండింగ్ చేయకుండా శుభ్రంగా తుడిచి రెండు పూతల ఎపాక్సీ వేసి పైన సిమెంటు బోర్డు పరవాలి. తీసేస్తే ఆ ముక్కలు పొయ్యిలో పెట్టవద్దు, పశువుల పాక కింద పరవద్దు.

కరెంటుకు 30 మిల్లీఆంపియర్ల లీకుకే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ, ఎదురు మూలల్లో రెండు ఎర్తులు ఉండాలి. రేకు కన్నంలోంచి వైరు వెళ్లే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ (అంచు రింగు) కావాలి. ఇనప డబ్బాలో ఒక్క వైరు తొక్క చిరిగినా ఇల్లంతా కరెంటే. మరుగుదొడ్డి మాత్రం లోపల వద్దు, పక్కనే ఇటుకలతో వేరుగా కట్టుకోండి.

రొయ్యలు విశాఖ రేవుకు వెళ్లే రీఫర్ (శీతల) కంటైనర్లు పాతబడినవి దొరికితే వాటికి తొడుగు ఖర్చు ఉండదు, గోడల్లోనే ఫోము ఉంటుంది. కాకపోతే గ్యాస్ కటింగ్, వెల్డింగ్ అక్కడ పెట్టకూడదు, లోపలి ఫోము అంటుకుంటుంది. రంపంతో కోసి బోల్టులతో చట్రం బిగించాలి. పాత రీఫర్ యంత్రంలోని గ్యాస్‌ను గాలిలోకి వదిలేయకుండా మెకానిక్‌తో తీయించాలి.

కొనేటప్పుడు లోపల నిలబడి రెండు తలుపులూ మూయించండి, బయట ఒక మనిషిని ఉంచి. వెలుగు చుక్కలు కనబడిన ప్రతి చోటా కన్నమే. కింద పడుకుని అడుగు చానళ్లను సుత్తితో తట్టండి. ఖంగుమనాలి, మొద్దుగా మోగితే తుప్పు తినేసినట్టు. విదేశీ కంటైనర్లు సుంకం లేకుండా తాత్కాలికంగా దేశంలోకి వస్తాయి, తిరిగి పంపాలన్న షరతు మీద. వాటిని ఇక్కడ అమ్మాలంటే కస్టమ్స్ సుంకం కట్టి ఉండాలి. కస్టమ్స్ దిగుమతి పత్రమైన బిల్ ఆఫ్ ఎంట్రీ నకలు లేకుండా బయానా ఇవ్వవద్దు.

తెచ్చేదారి కూడా ముందే నడిచి చూసుకోవాలి. ట్రెయిలర్ మీద డబ్బా పై అంచు 4.1 మీటర్లు, హైక్యూబ్ అయితే 4.4 మీటర్లు. కాలువ గట్టు రోడ్ల మీద కొబ్బరి మట్టలూ కరెంటు తీగలూ దీనికి తగులుతాయి. 40 అడుగులది చాలా ఊళ్ల మలుపుల్లో తిరగదు. కనకాయలంక లాంటి కాజ్‌వే దాటాల్సిన ఊళ్లకు వేసవిలోనే తరలించాలి. హైడ్రా క్రేను డబ్బా బరువును సులువుగా ఎత్తుతుంది కానీ బూమ్ చాచిన కొద్దీ దాని సత్తువ పడిపోతుంది. గట్టు మీద నిలబడి చెరువు లోపలికి చాచి దించమని డ్రైవరును ఒత్తిడి చేయకండి.

ఇవన్నీ కలిపితే కంటైనర్ ఏ పనికి వస్తుందో తేలుతుంది. చెరువు కాపలా గది, వరద తర్వాత ఏడాదీ రెండేళ్ల నివాసం, ఎత్తైన స్తంభాల మీద మందుల గది, అంగన్‌వాడీ సామాను గది, వీటికి మేలు. పిల్లాపాపలతో ఆరుగురుండే ఇంటికి మాత్రం ఏడడుగుల వెడల్పు చాలదు. అదే డబ్బుతో ఎత్తు పునాది మీద రెండు గదుల ఇటుక ఇల్లు నిలుస్తుంది.

గృహనిర్మాణ, పంచాయతీ అధికారులకు మా విన్నపం. లంక మండలాల్లో కంటైనర్ ఇంటికి అనుమతి ఇచ్చే ముందు ప్లానులో ఊరి వరద గుర్తుకు నేల ఎంత పైన ఉందో, మూలకు ఎంత పైకి లాగే బలానికి పునాది వేశారో, రెండో కప్పును దేనికి బిగించారో, లోపలి నుంచి తెరుచుకునే తలుపు ఎక్కడుందో రాయించండి. దాని మీద ఇంజినీరు సంతకం తీసుకోండి. ఇప్పటికే దిమ్మల మీద ఊరికే కూర్చున్న డబ్బాలకు, వచ్చే జులై లోపే, కాలువలు కట్టేసి నేల గట్టిగా ఉన్న వేసవిలోనే బేస్ ప్లేట్లు, యాంకర్లు వేయించండి.

ఇట్లు,
ఫ్యాబ్రికేషన్, సివిల్ పనుల్లో ఉన్న కొందరం,
అమలాపురం, భీమవరం